సముద్రం అడుగున బురద జారితే పైల్ మీద ఎంత బలం పడుతుంది?

ఎంటెక్_ఆఫ్‌షోర్:
ప్రాజెక్టులో ఒక లెక్క దగ్గర ఆగిపోయాను, కాస్త చూడండి. పైల్ (ప్లాట్‌ఫారాన్ని నిలబెట్టడానికి సముద్రం అడుగులోకి దించే బోలు ఉక్కు గొట్టం) వ్యాసం 1.2 మీటర్లు, చుట్టూ 20 మీటర్ల మందాన మెత్తటి బంకమట్టి సెకనుకు 1 మీటరు వేగంతో జారుతోంది అనుకున్నాను. నీటికి వాడే డ్రాగ్ (ప్రవాహం వేగం వల్ల పడే తోపు) సూత్రంలోనే సాంద్రత ఘనపు మీటరుకి 1500 కిలోలు వేస్తే మీటరు పొడవుకి 0.9 కిలోన్యూటన్లు వచ్చింది, అంతే. మరి 2004లో ఇవాన్ తుఫానప్పుడు అమెరికాలోని మిసిసిపీ డెల్టా దగ్గర టేలర్ ఎనర్జీ కంపెనీ చమురు ప్లాట్‌ఫారం ఎలా కూలింది?

జియోటెక్_సీనియర్:
లెక్క తప్పు కాదు, కానీ అసలు భాగం వదిలేశారు. నీరైతే వేగం లేకపోతే బలం లేదు. బంకమట్టి అలా కాదు, దానికి సొంత షియర్ స్ట్రెంత్ (తెగకుండా, జారకుండా ఆపుకునే బలం) ఉంది కాబట్టి నత్తలా కదిలినా పైల్‌ని పట్టుకుని తోస్తుంది. మీటరుకి ఆ బలం దాదాపు 10 × స్ట్రెంత్ × వ్యాసం. స్ట్రెంత్ 5 కిలోపాస్కల్స్ అనుకోండి, 60 కిలోన్యూటన్లు! 20 మీటర్లకి 1200, అంటే ఒక్కో పైల్ మీద 120 టన్నుల దాకా. మట్టి బాగా కలిసిపోయి మెత్తబడితే స్ట్రెంత్ తగ్గుతుంది, అప్పుడు బలమూ తగ్గుతుంది, కానీ మొదటి తోపుకి ఆ తగ్గింపు ఇవ్వకండి. వేగం బాగా ఎక్కువై మట్టి పలచబడ్డాకే మీ డ్రాగ్ భాగం లెక్కలోకి వస్తుంది, రెండూ కలిపి రాయండి.

డెల్టా_బురద:
మట్టి అసలెందుకు కదులుతుందో కూడా రిపోర్టులో రాయండి. పెద్ద తుఫాను అలల శిఖరం కింద అడుగు మీద ఒత్తిడి పెరుగుతుంది, పల్లం కింద తగ్గుతుంది, గంటల తరబడి ఇలా నొక్కి వదిలితే నది కొత్తగా తెచ్చి పోసిన, ఇంకా గట్టిపడని మట్టి తెగిపోతుంది. 1969లో కామిల్ తుఫానుకి అదే డెల్టాలో, దాదాపు 100 మీటర్ల లోతులో ఉన్న సౌత్ పాస్ 70 బి ప్లాట్‌ఫారం ఇలాగే పడి, వాలు వెంట దాదాపు 30 మీటర్లు జరిగింది. 35 ఏళ్ల తర్వాత మళ్లీ అదే కథ జరగడం నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే టేలర్ బావులు బురద కింద పూడిపోయి, కారే చమురుని పట్టే ఏర్పాటు 2019లో గానీ కుదరలేదు.

ఎంటెక్_ఆఫ్‌షోర్:
ఇప్పుడు అర్థమైంది, చాలా థాంక్స్ సార్. అయితే పైల్‌ని ఇంకా లావు చేస్తే సరిపోతుందా?

జియోటెక్_సీనియర్:
వ్యాసం పెంచితే బలమూ అంతే పెరుగుతుంది, గోడ మందం పెంచడం మేలు. జారే పొర కింద గట్టి మట్టిలోకి ఎంత దిగిందో చూడండి, వంపు మొమెంట్ (పైల్‌ని వంచే ప్రభావం) ఎక్కువగా ఆ సరిహద్దు దగ్గరే వస్తుంది. జారే మందం 30 మీటర్లు అయితే మాత్రం నేనైతే చోటు మార్చమనే చెబుతాను.