చిన్న ట్రైలర్ కప్పు మీద ఏసీ: మోస్తుందా, మోయదా?

దారిబత్తెం: కారు వెనక కట్టి లాక్కెళ్లి, లోపల పడుకునే 16 అడుగుల ట్రైలర్ నాది. కర్ర ఫ్రేము, పైన అల్యూమినియం రేకు, నడిమధ్యన 14 అంగుళాల గాలి వెంట్. ఆ వెంట్ తీసేసి అదే కంతలో 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) రూఫ్ ఏసీ, అంటే కప్పు మీద కూర్చునే ఏసీ, పెట్టాలని ఉంది. ఏసీ బరువు 40 కిలోలు. కప్పు ఆగుతుందా? చుట్టూ నీళ్లు దిగకుండా ఏ సీలెంట్ (సందులు మూసే జిగురు) వేయాలి?

గట్టిదూలం: కంత కొలత సరిపోవడం వేరు, కప్పు ఆగడం వేరు. రూఫ్ ఏసీని పైనుంచి మేకులు కొట్టి బిగించరు. లోపలి సీలింగ్ పట్టీ నుంచి నాలుగు పొడుగు బోల్టులు పైకి వెళ్లి ఏసీని కిందికి లాగుతాయి, మధ్యలో కప్పు నలుగుతుంది. కంత చుట్టూ నాలుగు వైపులా కప్పు మందమంతా నిండేలా చెక్క లేకపోతే, బోల్టు బిగించేకొద్దీ సీలింగ్ ప్లైవుడ్ పైకి వంగుతుందే గానీ గాస్కెట్ (ఏసీకీ కప్పుకీ మధ్య ఉండే మెత్తటి పట్టీ) నొక్కుకోదు. చిన్న ట్రైలర్లు చాలావాటిలో వెంట్ చుట్టూ ఉండేది ముప్పావు అంగుళం రీపు మాత్రమే. ముందు అది మార్చండి. తర్వాత ఆ బరువు గోడలకి చేరాలి. సీలింగ్ కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఏసీకి ముందొకటి, వెనకొకటి అల్యూమినియం యాంగిల్ (L ఆకారం బద్ద) వేయండి. బీరువా పక్కగోడ కంతకి దగ్గర్లో ఉంటే దాని మీద ఆనించండి, ఇంకా మేలు.

పక్కగాలి: ఇంత పని దేనికండీ? 5,000 బీటీయూ కిటికీ ఏసీ 20 కిలోలకి మించదు, 450 వాట్లు తింటుంది. వెనక గోడకి తక్కువ ఎత్తులో పెడితే కప్పుకి కంతే అక్కర్లేదు, పైబరువు పెరగదు.

వానచుక్క: సిలికాన్ మాత్రం వద్దు. రబ్బరు కప్పు మీద ఒకసారి పూస్తే ఆ తర్వాత ఏదీ అంటదు.

దారిబత్తెం: నాది రేకు కప్పండీ.

వానచుక్క: రేకైనా అంతే. ఏసీ అడుగు చుట్టూ లాప్ సీలెంట్ (కప్పు అతుకుల మీద పూసే రకం) వేసి మూసేయండి.

గట్టిదూలం: వద్దు! దయచేసి అలా చేయకండి. ఏసీ కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద చేరిన నీళ్లు అడుగు పళ్లెం రంధ్రాల్లోంచి కప్పు మీదికే కారతాయి. చుట్టూ సీలెంట్ గట్టు కడితే ఆ నీళ్లు లోపలే నిలిచి, గాస్కెట్ దాటి సీలింగ్‌లోకి దిగుతాయి. పాత వెంట్ అంచు కింద ఉన్న సీలెంట్ మాత్రం నున్నగా గీకేయాలి. మిగిలిన మేకు రంధ్రాలకి బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) వేయాలి. గాస్కెట్ పొడిగానే కూర్చోవాలి.

వానచుక్క: లోపలికి వాన దిగితే బాధ్యత మీదా?

గట్టిదూలం: అంగుళం మందం గాస్కెట్ అర అంగుళానికి సమంగా నొక్కుకుంటే వాన దిగదు. బిగింపు 40 నుంచి 50 అంగుళ పౌండ్లు (బోల్టు తిప్పే బలానికి కొలత), నాలుగు బోల్టులూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా. అతిగా బిగిస్తే పళ్లెం వంగి కంప్రెసర్ మోత సీలింగ్‌లోకి వస్తుంది. మొదటి ప్రయాణం అయ్యాక మళ్లీ చూసుకోవాలి.

పక్కగాలి: మీరిద్దరూ గాస్కెట్ పట్టుకుని కూర్చున్నారు. నా మాటకి జవాబేది? నడిమధ్య వెంట్ అంటే గోడలకి అన్నిటికన్నా దూరం. కప్పు పావు అంగుళం కుంగినా చాలు, నీటి గుంట కడుతుంది. గుంతల రోడ్డు మీద ఆ 40 కిలోలు ఎగిరెగిరి పడుతుంటాయి.

గట్టిదూలం: కుంగుతుందనే కదండీ యాంగిల్ చెప్పింది! చదవకుండా రాస్తే ఎలా? కిటికీ ఏసీ పక్క చీలికల్లోంచి గాలి పీల్చి వెనక నుంచి వేడి వదులుతుంది. దాన్ని అల్మారాలో దూరిస్తే తన వేడి తానే పీల్చుకుని ఆగిపోతుంది. పక్కలకీ వెనక్కీ నడుమ తడిక కట్టి, రెండింటికీ బయటికి వేరు వేరు దారులు తీయాలి. ఆ సంగతి రాయకుండా "కంతే అక్కర్లేదు" అంటే ఎలా? కప్పుకి అక్కర్లేని కంత గోడకి పడుతుంది.

పక్కగాలి: గోడ కంత మీద నీళ్లు నిలవవు. ప్రతిదానికీ కప్పే గతి అనడం మీకు అలవాటైపోయింది.

మూడోవైరు: కాసేపు ఆగండి ఇద్దరూ. దారిబత్తెం గారూ, కరెంటు ఎక్కడి నుంచి?

దారిబత్తెం: ఎక్కువగా ప్లగ్ లేని చోట్లే ఆగుతాను. 2200 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ ఉంది.

పక్కగాలి: ఇదీ నా అసలు గొడవ. గట్టిదూలం గారు 30 ఆంపుల స్తంభం (క్యాంపుల్లో ట్రైలర్లకి కరెంటిచ్చేది) పక్కన నిలిపిన బండి గురించి రాస్తున్నారు. నేను అడవిలో ఆపే బండి గురించి మాట్లాడుతున్నాను.

గట్టిదూలం: అవును, నేను స్తంభం ఉందనుకునే రాశాను. అది ముందే అడగాల్సింది.

మూడోవైరు: ఆ జనరేటర్ ఆగకుండా ఇచ్చేది 1800 వాట్లే. ప్రతి 1000 అడుగుల ఎత్తుకీ సుమారు 3 శాతం పోతుంది. 13,500 బీటీయూ ఏసీ 120 వోల్టుల మీద నడిచేటప్పుడు 12–13 ఆంపులు, మంచి ఎండలో ఇంకా ఎక్కువ లాగుతుంది. కంప్రెసర్ లేచే క్షణంలో దానికి నాలుగైదు రెట్లు. సాఫ్ట్ స్టార్టర్ (కంప్రెసర్ లేచేటప్పటి ఆ లాగుడు తగ్గించే పరికరం) లేకుండా అది లేవదు. ఉన్నా, కొండమీద మిట్టమధ్యాహ్నం కష్టమే. చిన్న ట్రైలర్‌కి 9,000–11,000 బీటీయూ రకం చాలు, బరువూ తగ్గుతుంది. పెద్దది పెడితే గది త్వరగా చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, తేమ మాత్రం పోదు, పరుపు చెమ్మగానే ఉంటుంది. వైరు మందం 12 గేజ్, దానికంటూ విడిగా 20 ఆంపుల బ్రేకర్. ట్రైలర్ ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలపకూడదు. సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు, వోల్టేజీ 105 కిందికి జారితే కంప్రెసర్ కాలిపోవచ్చు.

వానచుక్క: సీలెంట్ విషయంలో నా మాట నాదే.

గట్టిదూలం: పళ్లెం కింది రంధ్రాలు ఒకసారి చూసి ఆ మాట అనండి. దారిబత్తెం గారూ, ఇంకొకటి. లోపల చల్లగాలి గూటికీ వెనక్కి పీల్చే గూటికీ మధ్య తడిక ఉంటుంది. దాని అంచులన్నీ అల్యూమినియం టేపుతో మూయండి. వెంట్రుకంత సందున్నా చల్లగాలి నేరుగా సెన్సర్‌కి తగులుతుంది. కాయిల్ గడ్డకట్టిందనుకుని అది కంప్రెసర్‌ని ఆపేస్తుంది. ఏసీ పాడైందని వెనక్కి పంపేవాళ్లు చాలామంది ఈ టేపు వేయనివాళ్లే.

పక్కగాలి: 9,000 రకం, సాఫ్ట్ స్టార్టర్, యాంగిళ్లు. ఇవి మూడూ ఉంటే నేను వద్దనను. మూడింట్లో ఒకటి తగ్గినా గోడకే పెట్టండి.

దారిబత్తెం: ఏమీ కొనకముందు వెంట్ లోపలి పట్టీ విప్పి చూస్తాను. రీపు మందం, కప్పు లోతు కొలిచి రాస్తాను.

గట్టిదూలం: స్క్రూడ్రైవర్ కొనతో ఆ చెక్కని పొడిచి చూడండి. మెత్తగా దిగితే అక్కడ నీళ్లు ఎప్పటినుంచో దిగుతున్నట్టే. అప్పుడు ఏసీ మాట పక్కనపెట్టి, ముందు కప్పు బాగుచేయాలి.