మ్యూజిక్ కోర్సు ఈజీ అనుకుని తీసుకున్నా, డ్రాప్ చేయనా?

గుంటూరు కుర్రాడు: అందరికీ నమస్తే, ఆగస్టులోనే ఒహాయో వచ్చాను, కంప్యూటర్ సైన్స్ బ్యాచిలర్స్ ఫస్ట్ సెమిస్టర్. ఒక ఆర్ట్స్ కోర్సు తప్పనిసరి అన్నారు, మైకేల్ జాక్సన్ పాటలు వినడమే కదా అని అమెరికన్ పాపులర్ మ్యూజిక్ పెట్టుకున్నా. తీరా చూస్తే 1920ల నుంచి మొదలెట్టారు. వచ్చేవారం లిజనింగ్ క్విజ్, 30 సెకన్లు వినిపిస్తే పాట, పాడినవాళ్ళు, స్టైల్ రాయాలట. నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి.

డేటన్ అన్న: డ్రాప్ అనే మాటే ఎత్తకు తమ్ముడూ. నేనొచ్చిన కొత్తలో ఇలాగే ఒక థియేటర్ కోర్సు ఫిబ్రవరిలో డ్రాప్ కొట్టా, ఆన్‌లైన్‌లో ఒక్క బటన్ అంతే, ఎవడూ అడగలేదు, 13 క్రెడిట్లు కాస్తా 10 అయ్యాయి. మూడు వారాలకి ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిల్. వెళ్తే అక్కడావిడ అడ్వైజర్ సంతకం తెమ్మంది, ఆయనేమో ఇది నా పని కాదు రిజిస్ట్రార్ దగ్గరికెళ్ళు అన్నాడు, అక్కడ లైను, బయట మోకాళ్ళ లోతు మంచు, నా కాళ్ళకి ఇంటి నుంచి తెచ్చుకున్న కాన్వాస్ షూలు. చివరికి సెమిస్టర్ మధ్యలో మొదలయ్యే 2 క్రెడిట్ల బ్యాడ్మింటన్ చేర్చి 12 చేశారు, దానికి మళ్ళీ ఫీజు. ఎఫ్-1 స్టూడెంట్ వీసాలో 12 క్రెడిట్ల కిందకి దిగితే అంతే సంగతులు.

మృదంగం అక్క: "అంతే సంగతులు" కాదులెండి, ముందే డీఎస్‌ఓ, అంటే కాలేజీలో వీసా వ్యవహారాలు చూసే ఆఫీసర్, పర్మిషన్ తీసుకుంటే మొదటి సెమిస్టర్ ఇబ్బందులకి క్రెడిట్లు తగ్గించుకునే వీలుంది. తీసుకోకుండా బటన్ నొక్కడమే మీ తప్పు. సరే తమ్ముడూ, పాటల పేర్లు బట్టీ పట్టకు, లెక్కపెట్టు. బ్లూస్ అంటే 12 బార్లు, బార్‌కి నాలుగు బీట్లు, మొత్తం 48, అంటే మన ఎనిమిది దెబ్బల ఆది తాళం ఆరు ఆవర్తనాలు. మొదటి లైను పాడి, అదే లైను మళ్ళీ పాడి, మూడోది జవాబులా వస్తుంది. 1920లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని పాడిన క్రేజీ బ్లూస్ నుంచే రికార్డు కంపెనీలకి నల్లవాళ్ళ మార్కెట్ ఒకటుందని తెలిసింది, వాళ్ళ కోసం తీసిన రికార్డులకి రేస్ రికార్డ్స్ అని పేరు పెట్టారు, 1949లో బిల్‌బోర్డ్ అనే మ్యూజిక్ పత్రిక ఆ పేరు తీసి రిథమ్ అండ్ బ్లూస్ అంది. ఓవర్ ద రెయిన్‌బో లాంటి సినిమా పాటలు వేరే, 32 బార్లు, ఒకే ట్యూన్ రెండుసార్లు, మధ్యలో కొత్తది, మళ్ళీ మొదటిది. చప్పట్లు మాత్రం 2, 4 బీట్ల మీద వెయ్యాలి, మనకి సమం, అంటే మొదటి బీట్, మీద కొట్టే అలవాటు కాబట్టి చెయ్యి అస్సలు మాట వినదు, నాకు గిన్నెలు కడుగుతూ రెండు వారాలు పట్టింది.

మెంఫిస్ బాబాయ్: ఇవన్నీ ఎందుకమ్మా, 1954లో ఎల్విస్ మా ఊళ్ళో సన్ స్టూడియోకి వచ్చాడు, రాక్ అండ్ రోల్ పుట్టింది, క్విజ్‌లో అది రాస్తే చాలు.

మృదంగం అక్క: అప్పుడు ఆయన పాడింది ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడి పాట బాబాయ్ గారూ. ఎల్విస్ తర్వాత పాడిన హౌండ్ డాగ్ కూడా ముందు బిగ్ మామా థార్న్‌టన్ అనే నల్లజాతి గాయని 1952లో రికార్డు చేసిందే.

మెంఫిస్ బాబాయ్: అది రాసింది లీబర్, స్టోలర్ అని ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు. మరి ఎవరిది ఎవరు తీసుకున్నట్టు?

మృదంగం అక్క: రాసిందెవరని కాదండీ. ఆవిడది 1953లో ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో నంబర్ వన్, అయినా ఇవాళ ఎవర్నడిగినా ఎల్విస్ పాట అంటారు. ప్రొఫెసర్ ఎస్సే ప్రశ్న ఇస్తే దీనిమీదే ఇస్తాడు, చూస్కోండి.

కొలంబస్ కాపురం: మ్యూజిక్ నాకు తెలీదు గానీ బాబూ, అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకం పెట్టేశావా? పెట్టకపోతే ముందు గోడలకి ఫోటోలు తీసుకో.

గుంటూరు కుర్రాడు: థాంక్స్ అక్కా, ఇప్పుడే ఒకటి వేళ్ళ మీద లెక్కపెట్టా, నిజంగానే 12 వచ్చాయి. అన్నా, నాకున్నవి 15 క్రెడిట్లు, ఇది తీసేసినా 12 ఉంటాయి.

డేటన్ అన్న: ముందే చెప్పొచ్చు కదయ్యా. సరే, ఆ 12లో ఆన్‌లైన్ క్లాసులు ఎన్ని? వీసాకి ఒకటే లెక్కలోకి వస్తుంది.