1895కి తీసుకెళ్ళి చివర్లో "అంతా కల" అన్నారు: షెర్లాక్ 'అబామినబుల్ బ్రైడ్' మోసమా, కాదా?

లాంతరు:
నిన్న రాత్రి 'ది అబామినబుల్ బ్రైడ్' మూడోసారి చూశాను. చూసిన ప్రతిసారీ ఒకేచోట ఒళ్ళు మండుతోంది. అందుకే ఇక్కడ పెడుతున్నా.

చూడనివాళ్ళకు రెండు ముక్కల్లో. బీబీసీ 'షెర్లాక్' ఇప్పటి లండన్‌లో నడిచే సిరీస్. ఫోన్లు, బ్లాగులు, టాక్సీలు. 2016 జనవరి 1న వచ్చిన ఈ ఒక్క ఎపిసోడ్‌లో మాత్రం షెర్లాక్ హోమ్స్‌గా అదే కంబర్‌బ్యాచ్, అతని స్నేహితుడు వాట్సన్‌గా అదే ఫ్రీమన్ 1895లో గుర్రబ్బగ్గీ ఎక్కుతారు. ఎమీలియా రికొలెటీ అనే ఆవిడ పెళ్ళిబట్టల్లో బాల్కనీ మీదకొచ్చి, వీధంతా చూస్తుండగా తుపాకీ నోట్లో పెట్టుకుని కాల్చుకుంటుంది. ఆ రాత్రే నల్లమందు కొట్టు బయట ప్రత్యక్షమై మొగుణ్ణి చంపుతుంది. శవమేమో మార్చురీలో ఉంది. ఆ తర్వాత సర్ యూస్టస్ అనే పెద్దమనిషికి కవర్లో ఐదు నారింజ గింజలు వస్తాయి, ఆయన వంతు మొదలవుతుంది.

ఇంతవరకూ బ్రహ్మాండం. పొగమంచు, గ్యాస్ దీపాలు, ముసుగేసుకున్న పెళ్ళికూతురు. గుడ్లప్పగించి చూస్తున్నాం. సరిగ్గా అప్పుడు విమానం నేలమీద దిగుతుంది, కళ్ళు తెరిచిన షెర్లాక్ ఇప్పటివాడు. ఒంట్లోకి మత్తుమందు ఎక్కించుకుని తన మైండ్ ప్యాలెస్‌లో, అంటే జ్ఞాపకాలు దాచుకునే ఊహాభవనంలో, ఈ పాతకేసును నడిపించుకున్నాడట! రాసిన ఇద్దరిలో ఒకరైన స్టీవెన్ మాఫట్ ముందే ఇది విడి కథ, మిగతా ఎపిసోడ్లతో కలవదు అనే అర్థంలో చెప్పారు. నమ్మి కూర్చున్నాం. సగం అన్నం తిన్నాక విస్తరి లాగేసుకోవడం కాదా ఇది?

నిద్రపట్టనివాడు:
కాదు. లాగేశారని మీకు అనిపించిందంటే గుర్తులు వదిలేసి చూశారని అర్థం, ఏమనుకోకండి. 1895లోని మైక్రాఫ్ట్ (షెర్లాక్ అన్న) నోట "డేటాలో వైరస్" లాంటి మాట వస్తుంది. ఏ విక్టోరియన్ పెద్దమనిషి అలా మాట్లాడతాడు? సర్ యూస్టస్ ఒంట్లో దిగిన కత్తికి కట్టిన చీటీ మీద "మిస్ మీ?" అని ఉంటుంది. అది 2014లో ఇదే సిరీస్ ఎపిసోడ్ 'హిజ్ లాస్ట్ వౌ' చివర దేశంలోని స్క్రీన్లన్నింటి మీదా కనబడ్డ మాట, షెర్లాక్ ప్రధాన శత్రువు మోరియార్టీది. చీటీ చూడగానే నాకు వెన్నులో చలి పుట్టింది. కథ అక్కడే పగుళ్ళు ఇస్తోంది, విమానం దాకా ఆగాల్సిన పనే లేదు.

ఇంకోటి. షెర్లాక్ ఈ కేసు ఎందుకు పట్టుకున్నాడు? మోరియార్టీ కూడా నోట్లో కాల్చుకునే కదా పోయింది, బార్ట్స్ ఆసుపత్రి మేడ మీద. అలా పోయినవాడు తిరిగి ఎలా వస్తాడు అన్నది తేలాలంటే, అచ్చం అలాగే పోయి తిరిగొచ్చిన ఆడమనిషి కేసు తేలాలి. పాతకాలం ఇక్కడ అలంకారం కాదు, ప్రయోగశాల.

లాంతరు:
ప్రయోగశాల బాగుంది. ఫలితమేంటి మరి? మోరియార్టీ చచ్చిపోయాడు, కానీ తర్వాత ఏం చేస్తాడో నాకు తెలుసు అంటాడు షెర్లాక్. అంతే! దానికోసం గంటన్నర కలా?

చదువరి:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి, పుస్తకాలవైపు నుంచి రెండు మాటలు. రికొలెటీ పేరు వాళ్ళు కల్పించింది కాదు. హోమ్స్ కథల మూల రచయిత డాయల్ రాసిన 'మస్‌గ్రేవ్ రిచువల్'లో హోమ్స్ తన పాతకేసుల పెట్టె తెరిచి, కుంటి రికొలెటీ, అతని అసహ్యకరమైన భార్య అని ఒక్క వాక్యంలో దాటేస్తాడు. ఆ కథ డాయల్ రాయనేలేదు. ఇన్నేళ్ళకు ఆ ఒక్క వాక్యానికి ఒళ్ళు ఇచ్చారు. ఐదు నారింజ గింజలేమో 1891 కథ, అందులో వాటిని పంపేది కు క్లక్స్ క్లాన్ అనే అమెరికా జాత్యహంకార ముఠా. ఎపిసోడ్ చివర ఆడవాళ్ళు వేసుకున్న కోసుగా ఉండే ముసుగులు అక్కడివే.

ఇప్పుడు లాంతరు గారి ప్రశ్న. మూలంలో రైఖెన్‌బాక్ జలపాతం దగ్గర హోమ్స్, మోరియార్టీల పెనుగులాట 1891 నాటిది. ఎపిసోడ్‌లోని హోమ్స్ 1895 కేసు మధ్యలో ఆ జలపాతం అంచుకు చేరతాడు, పైగా అక్కడికి వాట్సన్ వచ్చి మోరియార్టీని ఒక్క తన్ను తంతాడు. మూలంలో వాట్సన్ అక్కడ లేడు, దొంగ ఉత్తరం నమ్మి హోటల్‌కి వెనక్కి వెళ్ళాడు. అసలు 1895 అనుకుని చూస్తే ఇది పెద్ద తప్పు. మనసులోని 1895 అనుకుంటే, స్నేహితుడు పక్కనుంటే బాగుండేదన్న కోరిక. నాకు ఆ తన్ను కోసమైనా కల కావాలి.

నిద్రపట్టనివాడు:
ఆ తన్నుకు నేను ఈల వేశాను, ఒప్పుకుంటున్నా.

వంకలరాణి:
మీరు ముగ్గురూ కల చుట్టూనే తిరుగుతున్నారు. అసలు గొడవ చివర్లో ఆడవాళ్ళు గుమిగూడే పాడుబడ్డ గుడిలో, అదే ఆ చర్చిలో, ఉంది.

హంతకురాలు ఒక్కతి కాదు. ఎమీలియా నాటకమాడింది. రెండు తుపాకుల్లో ఒకటి నోట్లో పెట్టుకుని రెండోది నేలకేసి కాల్చింది, వెనక తెర మీద రక్తం చల్లడానికి మనిషిని పెట్టుకుంది, మార్చురీకి వేరే శవం వెళ్ళింది. మొగుణ్ణి చంపాక, ఎలాగూ క్షయతో పోయేదాన్నే అని ఈసారి నిజంగా కాల్పించుకుంది, శవాలు మార్చారు. ఆ తర్వాత "పెళ్ళికూతురు దయ్యం" ముసుగు అవసరమైన ఆడవాళ్ళందరిదీ అయింది. అద్భుతమైన ఆలోచన! ఇది ఎవరు చెప్పాలి? చేసినవాళ్ళు కదా? వాళ్ళు ఊదారంగు ముసుగుల్లో వరుసగా నిలబడి ఉంటే, షెర్లాక్ మధ్యలో నడుస్తూ వాళ్ళ పోరాటం ఎంత న్యాయమో వాళ్ళకే వివరిస్తాడు. వాళ్ళు గుడ్డి కొవ్వొత్తుల్లా నిలబడి వింటారు.

ఈ ఎపిసోడ్‌కి ఆ ఏడాది ఎమ్మీల్లో (అమెరికా టీవీ అవార్డులు) ఉత్తమ టీవీ సినిమా అవార్డు వచ్చింది, సరే. వచ్చినంత మాత్రాన గుడి సీన్ బాగుపడదు.

నిద్రపట్టనివాడు:
వంకలరాణి గారూ, అది షెర్లాక్ బుర్రలో జరుగుతోందండీ. మొదలు నుంచీ ఆడవాళ్ళ మాట వినని బుర్ర అది. మార్చురీ డాక్టర్ మాలీని పట్టించుకోలేదు, జానీన్ యజమాని ఆఫీసులోకి దారి కోసం ఆమెకు ఉంగరం చూపించి మోసం చేశాడు. వాళ్ళిద్దరూ గుడిలో ముసుగు తీస్తారు, గమనించారా? వాళ్ళకు మాటలు దాదాపు లేకపోవడం రచయితల లోపం కాదు, ఆ బుర్ర లోపం. తప్పు ఒప్పుకుంటున్నాడు, అదీ తన గొంతుతోనే. వేరే గొంతు అతనికి తెలియదు.

వంకలరాణి:
ఎంత సుఖమైన జవాబో! తేదీ తప్పితే కల. సంభాషణ తప్పితే కల. ఆడవాళ్ళకు మాటలు దక్కకపోతే అదీ కలే. కల అన్న ఒక్క మాటతో ప్రతి తప్పూ ఒప్పయిపోతే ఇక ఎవరైనా ఏం అడగగలరు? లాంతరు గారికి విమానం చూసి ఒళ్ళు మండింది. నాకు విమానంతో పేచీ లేదు, దాన్ని గొడుగులా వాడుకోవడంతోనే పేచీ.

లాంతరు:
ఇది నాకు తట్టలేదు. నిజమే, కోపం ఎక్కడిదో వెతుకుతూ విమానం మీద తోసేశానేమో.

పొగగొట్టం:
కల అన్నా ఆడవాళ్ళ ఉద్యమం తేదీ కుదరదు కదా? ఓటు కోసం పోరాడిన సఫ్రజెట్లు 1895లో ఎక్కడున్నారు?

చదువరి:
ఆ పేరుతో లేరు. సఫ్రజెట్ల నాయకురాలు పాంక్‌హర్స్ట్ సంఘం 1903లో మొదలైంది, వాళ్ళ ఊదా, తెలుపు, ఆకుపచ్చ రంగులు 1908లో వచ్చాయి. ఆ ముసుగుల ఊదారంగు ముందుగా అరువు తెచ్చుకున్నదే అనిపిస్తుంది. కానీ కోపానికి కారణం మాత్రం 1895దే. 1857 చట్టం ప్రకారం భార్య వ్యభిచరించిందని చూపిస్తే చాలు, భర్తకు విడాకులు. భార్యకు అది చాలదు, దానికి తోడు క్రూరత్వమో వదిలేసి పోవడమో ఇంకోటో రుజువు చేయాలి. ఇది సమానమయ్యేసరికి 1923 అయింది. సొంత ఆస్తి హక్కు మాత్రం పెళ్ళయిన ఆడవాళ్ళకు 1882లో వచ్చింది. ఈ లెక్కన ఎమీలియా ముందు కోర్టు తలుపు దాదాపు మూసే ఉంది. ఎపిసోడ్‌లో ఇందులో ఒక్క ముక్క చెప్పినా ఆ సీన్‌కి ఇంకా బలం వచ్చేది.

1895లో మాలీ మగవేషానికి పెట్టుకున్న మీసం సంగతి కూడా చాలామంది వెక్కిరిస్తారు. ఆడవాళ్ళ వైద్య కళాశాల లండన్‌లో 1874లోనే ఉంది కదా, మీసం ఎందుకని. అది ఉంది. కానీ మన సిరీస్‌లో మాలీ పనిచేసే బార్ట్స్ 1947 దాకా విద్యార్థినులను చేర్చుకోలేదు. అక్కడ ఉద్యోగం చేయాలంటే మీసం పెట్టుకోక తప్పదు.

పొగగొట్టం:
మీసం అంటే గుర్తొచ్చింది. పత్రికలో బొమ్మలు వేసేవాడు తనకు మీసం గీశాడని, జనం గుర్తుపట్టడానికి పెంచాల్సి వచ్చిందని వాట్సన్ ఏడుస్తాడు కదా? ఎపిసోడ్ మొత్తంలో నాకు ఇష్టమైన ముక్క అదే. మొత్తం సిరీస్ మీద వాళ్ళే వేసుకున్న జోకు.

వంకలరాణి:
సరిగ్గా ఆ సీన్ కోసమే నేను మళ్ళీ చూశాను. పొగగొట్టం గారు వాట్సన్ దగ్గర ఆగిపోయారు, వెనక ఉన్న మిసెస్ హడ్సన్‌ని చూడండి. నీ కథల్లో నాకు మాటలే లేవు, మెట్లు చూపించడం, ఫలహారం పెట్టడం తప్ప అని అలుగుతుంది. అలిగి మాట్లాడటం మానేస్తుంది. లోపల గదిలో నల్ల ముసుగుతో ఎవరో ఆవిడ కూర్చుని ఉంటే, ఏం పని మీద వచ్చిందో అడగలేదా అంటాడు షెర్లాక్. ఎలా అడుగుతాను, నేను మాట్లాడటం లేదు కదా అంటుంది! దెబ్బకు షెర్లాక్, ఆవిడకు కాసిని మాటలు రాసిపెట్టవయ్యా బాబూ, లేకపోతే మనల్ని పస్తుపెడుతుంది అని వాట్సన్‌ని బతిమాలతాడు. ఆ ముసుగులో ఉన్నది వాట్సన్ సొంత పెళ్ళామే, అతనికే తెలియదు.

ఇంత చక్కగా మొదలుపెట్టినవాళ్ళు గుడి దగ్గరికి వచ్చేసరికి, అంతమంది కనిపిస్తున్న ఆడవాళ్ళకు ఎన్ని మాటలు రాశారో లెక్కపెట్టండి. షెర్లాక్ బుర్ర లోపం అంటారా? మాటలు రాయమని అడిగింది ఆ బుర్రే కదా.

నిద్రపట్టనివాడు:
...దీనికి నా దగ్గర జవాబు లేదు. రాత్రి గుడి సీన్ మళ్ళీ పెట్టి చూస్తాను.

ఈలోగా ఎవరైనా చెప్పండి, అంత లావు మైక్రాఫ్ట్‌ని పెట్టడం మూలానికి గౌరవమా, చవక హాస్యమా? ఇంకెన్నాళ్ళు బతుకుతాడో అన్నదమ్ములిద్దరూ పందెం కాసుకుంటుంటే నాకు నవ్వు రాలేదు.

చదువరి:
మూలంలోనూ లావే. పందెం మాత్రం వీళ్ళదే. దానికి వేరే చర్చ తెరవండి, అక్కడ కొట్టుకుందాం.