గంపగయ్యాళా, గంగగయ్యాళా?

తోతాపురి (చిత్తూరు):
నిన్న టీవీలో 'గుండమ్మ కథ' వేస్తే మళ్ళీ కూర్చున్నా. ఎన్నోసారో లెక్క లేదు. సూర్యకాంతమ్మ కొంగు దోపి ఎడం చెయ్యి ఊపగానే మా అవ్వ గుర్తుకొచ్చింది. ఆ చెయ్యి లేచిందంటే మా అవ్వ గడప మీద కూర్చున్న చోటే, చేటలో బియ్యం ఏరడం ఆపేసి, ఒక మాట అనేది: "గం... గయ్యాళి గడప దిగితే పోలేరమ్మ పొలిమేర దాటింది."

ఆ చుక్కల కాడే నా బాధంతా. 'గంపగయ్యాళి' అనేదా, 'గంగగయ్యాళి' అనేదా? నా చెవిలో గంగ అనే ఉంది. మా ఆవిడది నెల్లూరు. అట్లాంటి మాటే లేదు, గంపే అంటుంది. అవ్వ పోయి పంతొమ్మిదేళ్ళు, అడగడానికి లేదు. గయ్యాళి అంటే ఏమిటో నాకు చెప్పొద్దు, తెలుసు. ఆ ఒక్క అక్షరం తేల్చండి చాలు.

కోనేటి కట్ట (తిరుపతి):
గంపే. గంపగుత్త, గంపెడాశ, గంపగయ్యాళి. ఇక్కడ గంప అంటే బుట్ట కాదు, మొత్తంగా అని. చిల్లర గయ్యాళితనం కాదు, టోకు గయ్యాళితనం. మీ ఆవిడగారి మాట వినండి.

పుత్తూరు కట్టు:
అయ్యవారూ, తిరుపతిలో ఉంటూ గంగమ్మను అంత తేలిగ్గా తీసేస్తే ఎట్లా? తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టి, మొక్కుబడిగా బూతులు తిట్టే ఊరు మనది. దాక్కున్న పాలెగాణ్ణి వేషం మీద వేషం మార్చి వెతికి, ఆఖరికి దొర వేషంలో బయటికి రప్పించి తల నరికిన తల్లి ఆమె. నోరూ చెయ్యీ ఉన్న ఆడమనిషిని 'గంగగయ్యాళి' అంటే వింతేముంది? పోలేరమ్మ పొలిమేర దాటాలంటే ఎదురుగా గంగమ్మ అంతటిది రావాల. గంప వస్తే ఎందుకు దాటుతుంది, కూరగాయలు కొనుక్కోడానికా?

కోనేటి కట్ట:
కూరగాయ అనే మాట మీ నోటే వచ్చింది, సంతోషం. కూర, కాయ కలిస్తే కూరగాయ. గసడదవాదేశం. గంప, కయ్యాళి కలిస్తే గంపగయ్యాళి. అసలు మాట కయ్యాళి, అంటే కయ్యానికి కాలు దువ్వేది. సమాసంలో క పోయి గ వచ్చింది. తర్వాత గంప ఊడిపోయి గయ్యాళి ఒక్కటే వాడుకలో నిలిచింది. కాబట్టి గంప లేనిదే ఆ మాటే లేదు. ముప్ఫై ఏళ్ళుగా పాఠంలో చెబుతున్నా, ఎవరూ కాదనలేదు.

కుప్పం ప్యాసింజర్:
పరీక్షల్లో మార్కులు వేసేది మీరే కదా సార్, ఎవరు కాదంటారు? నేనంటున్నా. కూరగాయలో కూర ఊడిపోతే 'గాయ' మిగల్లేదే! కాయ కాయగానే ఉంది. గయ్యాళికి మాత్రం ఆ గ ఎందుకు అతుక్కుపోయింది? పైగా మా పక్క కన్నడంలో గయ్యాళి ఏ గంపా లేకుండా ఒంటిగానే తిరుగుతుంది. పూర్ణచంద్ర తేజస్వి పుస్తకం పేరే 'కిరగూరిన గయ్యాళిగళు'.

మీరంతా ముందు అక్షరం పట్టుకుని కొట్లాడుతున్నారు. చూడాల్సింది చివరిది. '-ఆళి'. కన్నడంలో మాతాళి, వాచాళి అంటే వాగుడుకాయలు. అరవంలో తొళిలాళి, ముదలాళి, కూట్టాళి. ఫలానా పని చేసే మనిషి అని చెప్పే ముక్క అది. ళ తీసి ల పెట్టి 'గయ్యాలి' అని రాసేవాళ్ళను చూస్తే నాకు కడుపు మండుతుంది. అందులో ఆలి లేదు, మొగుడూ లేడు.

పుత్తూరు కట్టు:
అరవం మీరే తెచ్చినారు కాబట్టి చెబుతా. కై అంటే చెయ్యి. కై, ఆళి. చెయ్యి ఊపే మనిషి. సూర్యకాంతమ్మ ఎడం చెయ్యి చూసినాక ఇంకేం ఋజువు కావాల?

కోనేటి కట్ట:
ఆ మాట ఆమె పుట్టకముందు నుంచీ ఉంది నాయనా.

పుత్తూరు కట్టు:
చెయ్యి అంతకు ముందు నుంచీ ఉంది సార్.

గోదారి గట్టు (తిరుపతిలో కాపురం):
ఆవిణ్ణి సాక్ష్యానికి పిలిచి ఆవిణ్ణే వదిలేశారండి. మాది కాకినాడ వైపు. ఆవిడ పుట్టిన వెంకటకృష్ణరాయపురం కూడా అటే, 1924 అక్టోబరు 28న. కథానాయిక అవుదామని మద్రాసు వెళ్ళిన మనిషి. 'సౌదామిని'లో ఆ వేషం చేతిదాకా వచ్చింది. కారు ప్రమాదంలో మొహానికి దెబ్బ తగిలి పోయింది. 1950లో 'సంసారం'లో గయ్యాళి అత్త వేషం కట్టారు. ఇంక జనం ఆవిణ్ణి ఆ గడప దిగనివ్వలేదు. అదే మనిషి షూటింగుకి ఇంట్లో వండించిన పులిహోర, పిండివంటలు క్యారియర్లలో పట్టుకెళ్ళి అందరికీ కొసరి కొసరి పెట్టేవారట.

నా గొడవ వేరేనండి. గయ్యాళి అనే ఒక్క మాటతో ఆవిడ వేషాలన్నీ గంపగుత్తగా కట్టేస్తున్నాం. 1957లో 'మాయాబజార్' హిడింబి గయ్యాళా? కొడుకు ఘటోత్కచుణ్ణి చూసుకుని మురిసిపోయే తల్లి. గుండమ్మ సంగతే తీసుకోండి. సవతి కూతుర్ని పనిమనిషి చేసింది, కాదనను. కానీ ఆఖర్న ఛాయాదేవి దుర్గమ్మగా దిగి గుండమ్మ చేత కన్నీళ్ళు పెట్టించేసరికి, మా అమ్మ దుర్గమ్మను తిట్టేది గాని గుండమ్మకు తగిన శాస్తి అయిందని ఎప్పుడూ అనలేదు. మా వైపు గడుసు వేరు, గయ్యాళి వేరు. గడుసుదానికి పని కావాలి, గయ్యాళికి గొడవ కావాలి. గుండమ్మ గడుసుది. దుర్గమ్మ గయ్యాళి.

తోతాపురి:
మా కాడ రెండూ ఒకటే అక్కా. గడుసుది అంటే సగం మెచ్చుకున్నట్టు, అంతే తేడా. కానీ నేను అడిగింది...

కుప్పం ప్యాసింజర్:
గుండమ్మ అన్నారు కాబట్టి ఒక్క మాట. ఆ పేరు మా దిక్కుది. కథ కన్నడ 'మనె తుంబిద హెణ్ణు' నుంచి వచ్చింది, పేరూ అక్కడి నుంచే దిగింది. పలమనేరు దాటి అవతలికి పోతే గుండప్పలు, గుండమ్మలు తగులుతారు. 'మంకుతిమ్మన కగ్గ' రాసిన డి.వి. గుండప్ప పుట్టింది అక్కడి ముళబాగిల్లోనే. తెలుగువాళ్ళకు ఆ పేరు వినగానే గుండు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి, జమున అందరూ ఉన్న సినిమాకు ఆమె పాత్ర పేరే పేరైంది. అందులో ఆ 'గుం' అనే అక్షరం వాటా ఎంతో ఆలోచించండి.

కోనేటి కట్ట:
పేర్ల దాకా వచ్చారు కనుక. గుమ్మడిగారు సరదాగా అన్నారని చెప్పుకుంటారు, సూర్యకాంతం తెలుగుకు ఒక అన్యాయం చేసింది, అంత చక్కటి పేరు ఇంకెవరూ తమ ఆడపిల్లకు పెట్టుకోకుండా చేసిందని. ఆ పేరులో ఏముందో కాళిదాసును అడగాలి. శాకుంతలం రెండో అంకంలో 'స్పర్శానుకూలా ఇవ సూర్యకాంతాః' అన్నాడు. తాకితే చల్లగా ఉంటాయి ఆ శిలలు. ఇంకో తేజస్సు మీదికొస్తే మాత్రం లోపల దాచుకున్న నిప్పు కక్కుతాయి. పులిహోర పెట్టిన చెయ్యే కెమెరా ముందు లేచి ఆడేది కదా, అదీ సంగతి. 'వమంతి' అనే క్రియ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కక్కుతాయి! ఇంకో కవి అయితే 'జ్వలంతి' అని సరిపెట్టేవాడు. గణాలూ సరిపోతాయి. మామూలుగా చూస్తే 'వమంతి' ముతక మాట. ముతక మాటను అక్కడ నిలబెట్టి శ్లోకానికి వెలుగు తెచ్చాడే, అందుకే ఆయన కాళిదాసు. ఆ ఒక్క క్రియ మీద నేను గంటసేపు పాఠం చెప్పేవాణ్ణి.

గోదారి గట్టు:
ఆ శ్లోకం తాపసుల గురించి కదండీ, అత్తల గురించి కాదు.

కోనేటి కట్ట:
అత్తరికం తపస్సు కాదని ఎవరన్నారమ్మా?

అలిపిరి మెట్టు:
ఆలస్యంగా చూశాను. 'గంగగయ్యాళి' అన్నమయ్యలో ఉంది. చిన్నప్పుడు విన్నా.

కోనేటి కట్ట:
పల్లవి చెప్పండి.

అలిపిరి మెట్టు:
పల్లవి గుర్తుకు రావడం లేదు. సంపుటాలు తిరగేసి చెబుతా.

కుప్పం ప్యాసింజర్:
పోయినేడు 'దోవ', 'దారి' చర్చలో కూడా సంపుటాలు తిరగేసి చెబుతా అన్నారు. ఇంకా తిరుగుతూనే ఉన్నాయా?

తోతాపురి:
నాకు అక్షరం ఎవరూ చెప్పేట్టు లేరని మా పెద్దమ్మకు ఫోన్ చేసినా. ఆమె ఏమనిందంటే, "మీ అవ్వ నోట్లో ఎప్పుడూ ఆకూవక్కా ఉండేది కదరా. రసం కారకుండా మూతి పైకెత్తి మాట్లాడేది. ఆమె గంప అన్నా గంగ అన్నా మాకు ఒకే మాదిరి వినపడేది." పెదాలు కలపకుండా 'ప' అనాలంటే ఎట్లా కుదురుతుంది? అంటే అవ్వ గంపే అనింది, నేను గంగ అని విన్నా. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు.

కోనేటి కట్ట:
నేను మొదటే చెప్పాను. నమోదు చేసుకోండి.

పుత్తూరు కట్టు:
ఆగండాగండి. మరి పోలేరమ్మలో ప, పొలిమేరలో ప ఎట్లా వినపడినాయి? నోటినిండా రసం ఉంటే ఆ రెండూ 'గోలేరమ్మ గొలిమేర' కావాల కదా!

తోతాపురి:
...అక్కడికి వచ్చేసరికి ఉమ్మేసి ఉంటుంది.

కుప్పం ప్యాసింజర్:
గడప మీద కూర్చుని, చేతిలో బియ్యం చేట పెట్టుకుని, మాట మధ్యలో ఎక్కడ ఉమ్మింది?

పుత్తూరు కట్టు:
ఇది వాదిస్తే తెగేది కాదు. బస్టాండు కాడ తమలపాకులంగడి తెరిచే ఉంది, పోతున్నా. మూతి పైకెత్తి రెండూ పలికి రికార్డు చేసి పెడతా. వక్క ఎక్కువ వెయ్యాల్నా, సున్నం ఎక్కువ పుయ్యాల్నా? అవ్వకు ఏది అలవాటో పెద్దమ్మను అడిగి చెప్పన్నా.