గద్ద వచ్చినప్పుడు కోడిపిల్ల నేలకు అతుక్కుపోతే తప్పు ఎవరిది? తల్లి నేర్పాల్సిందా, పుట్టుకతో రావాల్సిందా?

పెరటికోడి:
పెరట్లో నాటుకోళ్లు పెంచుతాను. హేచరీ పిల్లలను కొని, తల్లి కింద పెరిగిన పిల్లలతో కలిపి వదిలాను. గద్ద దిగింది. తల్లి ఒక్క కూత వేయగానే దాని పిల్లలన్నీ రెక్కల కిందికి దూరాయి. హేచరీవి మాత్రం కదలకుండా నేలకు అతుక్కుపోయాయి. ఒకటి పోయింది. అమ్మినతన్ని అడిగితే "అది పుట్టుకతో రావాలండీ, మేం నేర్పేది కాదు" అని చేతులు దులిపేసుకున్నాడు. ఆపద వస్తే ఏం చేయాలో తల్లి నేర్పాల్సిందేనని నా వాదన. మీరేమంటారు?

న్యూరో_నాగ:
పెరటికోడి గారూ, ఈ ఒక్క విషయంలో అమ్మినతని మాటే నిజం. 2013లో యిల్మాజ్, మైస్టర్ అనే శాస్త్రవేత్తలు ల్యాబ్‌లో పుట్టి పెరిగిన ఎలుకలతో ఒక ప్రయోగం చేశారు. అవి జన్మలో గద్దను చూసి ఎరగవు. పెట్టె పైకప్పు మీదున్న తెరపై ఒక నల్లటి చుక్కను ఉన్నట్టుండి పెద్దది చేశారు. తల మీదికి ఏదో దూసుకొస్తున్నట్టు కనిపిస్తుందన్నమాట. చూసీ చూడగానే ఎలుకలు గూట్లోకి దూకాయి, లేదా ఉన్నచోటే బిగుసుకుపోయాయి. అదే చుక్క తెల్లగా ఉంటే పెద్దగా పట్టించుకోలేదు.

దీని దారి కూడా చాలావరకు తెలిసింది. కంటి నుంచి సంకేతం మధ్యమెదడు పైభాగంలో ఉండే సుపీరియర్ కొలిక్యులస్‌కు వెళ్తుంది. పక్షుల్లో ఆ భాగాన్ని టెక్టం అంటారు. అక్కడి నుంచి పెరియాక్విడక్టల్ గ్రే అనే చోటికి చేరుతుంది. లండన్‌లో టియాగో బ్రాంకో బృందం 2018లో చూపించింది ఏమిటంటే, ముప్పు సంకేతం ఒక హద్దు దాటితేనే ఈ రెండో చోటు మేలుకుంటుంది. అది మేలుకుంటేనే ఎలుక పరుగు తీస్తుంది. ఇందులో ఏ తల్లీ నేర్పిందేమీ లేదు.

సుబ్బు_తెనాలి:
తెర మీద నల్ల చుక్క గద్ద ఎలా అవుతుందండీ? గద్దకు రెక్కలుంటాయి, తోక ఉంటుంది.

పాతపుస్తకం:
సుబ్బు గారి ప్రశ్న పాతదే. 1930లలో లోరెంజ్, టిన్‌బర్గెన్ అనే జంతు ప్రవర్తన శాస్త్రవేత్తలు అట్టబొమ్మను పక్షి పిల్లల మీదుగా లాగారు. ఒకవైపు లాగితే పొట్టి మెడ గద్దలా, రెండోవైపు లాగితే పొడుగు మెడ బాతులా కనిపించే బొమ్మ అది. గద్దలా కనిపిస్తేనే పిల్లలు బెదిరాయన్నారు. 1961లో ష్లైట్ అనే ఆయన టర్కీ కోళ్లతో చేస్తే వేరేగా తేలింది. రోజూ కనిపించే ఆకారానికి అలవాటుపడతాయి, అరుదుగా కనిపించేదానికి బెదురుతాయి.

పెరటికోడి:
అదీ! అలవాటు అంటే నేర్చుకోవడమే కదా. నేనన్నదీ అదే.

న్యూరో_నాగ:
కాదండీ. అక్కడ పిల్లలు నేర్చుకున్నది బెదరడం కాదు, బెదరకుండా ఉండడం. లండన్‌లోనే సోన్యా హోఫర్ బృందం 2025లో ఇదే చూసింది. గూటికి వెళ్లే దారి మూసేసి ఎలుకలకు నల్ల చుక్కను మళ్లీ మళ్లీ చూపించారు. చుక్క వల్ల ఏ హానీ లేదని తెలిశాక, దారి తెరిచినా అవి పారిపోవడం మానేశాయి. ఆ పాఠం నేర్వడానికి మెదడు పైపొరలోని దృష్టి భాగం కావాలి. నేర్చుకున్నాక దాని అవసరం లేదు. పాఠం మెదడు లోపల, థాలమస్ అనే భాగం అడుగున ఉన్న చిన్న చోట నిలిచిపోతుంది. అంటే బెదురు ముందే ఉంది, చదువు దాన్ని అణచడానికి పనికొచ్చింది.

సుబ్బు గారికి: రెక్కలూ తోకా కన్నా చుక్క ఎంత వేగంగా పెరుగుతోందన్నది ముఖ్యం. చిన్న చుక్క పెరగకుండా తెర మీద అడ్డంగా పోతే ఎలుకలు ఎక్కువగా బిగుసుకుపోతాయి. పెరుగుతూ వస్తే ఎక్కువగా పరిగెడతాయి. దూరంగా తిరిగే గద్దకు ఒక జవాబు, మీదికి దూకే గద్దకు ఇంకో జవాబు.

సుబ్బు_తెనాలి:
అయినా చుక్క చుక్కే.

పెరటికోడి:
నాగ గారూ, మీరు పేపర్లు చదివి చెబుతున్నారు. నాకు పిల్ల పోయింది. రెండు జవాబులూ పుట్టుకతో ఉంటే నా పిల్లలు తప్పు జవాబు ఎందుకు ఎంచుకున్నాయి? గద్ద మీదికొస్తుంటే కదలకుండా ఉండడం తెలివితక్కువతనం. అలాంటివాటిని ఉంచుకుని లాభం లేదు, మిగిలినవాటిని కోతకు ఇచ్చేస్తున్నాను.

న్యూరో_నాగ:
ఒక్క పెరడు చూసి జాతి మొత్తం మీద తీర్పు ఇవ్వడం తెలివైన పనా?

పెరటికోడి:
పెట్టెలో ఎలుకను చూసి నా కోడి గురించి చెప్పడం తెలివైన పనా?

లక్ష్మి_కాకినాడ:
ఇద్దరూ కాస్త ఆగండి. తెలివితక్కువతనం అన్న మాట నాకు గుచ్చుకుంది. రోడ్డు దాటుతుంటే లారీ మీదికి వచ్చింది. చూశాను, కాళ్లు కదల్లేదు. కాలు విరిగింది. ఇన్నేళ్లయినా మా ఇంట్లో "పక్కకు దూకితే సరిపోయేది, నిలబడి చూస్తావా" అని అంటూనే ఉంటారు. నేను నిలబడాలని నిలబడలేదు.

పెరటికోడి:
అయ్యో అమ్మా, మిమ్మల్ని అనలేదు. మనిషి వేరు, కోడి వేరు.

లక్ష్మి_కాకినాడ:
వేరే కావచ్చన్నా. కానీ బిగుసుకుపోయినవాళ్లదే తప్పు అనే తీర్పు మాత్రం ఒకటే.

న్యూరో_నాగ:
లక్ష్మి గారు అసలు విషయం పట్టుకున్నారు. బిగుసుకుపోవడం పరిగెత్తలేక మిగిలిన దారి కాదు, అదీ ఒక రక్షణే. అమెరికాలో పెరోమిస్కస్ అనే అడవి ఎలుకల్లో రెండు దగ్గరి జాతులున్నాయి. ఒకటి దట్టమైన గడ్డిలో, రెండోది బయలు నేలలో బతుకుతుంది. అదే నల్ల చుక్కకు గడ్డి ఎలుక పరిగెత్తితే, బయలు ఎలుక ఆగిపోతుంది. దాక్కునే చోటు లేని నేలలో కదిలితేనే కంటపడేది. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం రెండూ ముప్పును చూస్తున్నాయి, తేడా అంతా నేను ముందు చెప్పిన పెరియాక్విడక్టల్ గ్రే దగ్గరే ఉంది. ఇది జాతి సంగతి. ఒకే ఎలుక కూడా చోటును బట్టి మారుతుంది. గూడు తీసేస్తే మామూలు ల్యాబ్ ఎలుక పరుగు మాని బిగుసుకుపోతుందని బ్రాంకో బృందమే 2017లో చూపించింది.

ఇప్పుడు మీ పెరడు చూడండి. తల్లి ఉన్న పిల్లలకు రెక్కలే గూడు. హేచరీ పిల్లలకు అది లేదు. నేర్పడంలో తేడా కాదు, దూరడానికి చోటు ఉండడంలో తేడా అని నా లెక్క.

పెరటికోడి:
అంటే తప్పు నాదంటారా? అమ్మినతను తప్పించుకుంటాడు, మెదడు తప్పించుకుంటుంది, చివరికి డబ్బు పెట్టినవాడు దొరికాడా?

పాతపుస్తకం:
పెరట్లో గుబురుగా ఏమైనా ఉందా అన్నా? పొదో, బోర్లించిన గంపో?

పెరటికోడి:
కోళ్లు గీరుకోవడానికని చదును చేయించాను. అయితే మాత్రం?

లక్ష్మి_కాకినాడ:
అన్నా, ఒక్క మాట చెప్పండి. గద్ద ఎత్తుకుపోయిన పిల్ల కదలకుండా ఉన్నదా, పరిగెత్తినదా? మీరు చూశారా?

పెరటికోడి:
తల్లి కూత విని నేను బయటికొచ్చేసరికి గద్ద లేచిపోయింది. మిగతావి అలాగే నేలకు అతుక్కుని ఉన్నాయి.

లక్ష్మి_కాకినాడ:
అంటే కదలకుండా ఉన్నట్టు మీరు చూసినవన్నీ బతికినవే. వాటినే కోతకు ఇస్తానంటున్నారు.

సుబ్బు_తెనాలి:
ఈ మాట మొదటి పోస్టులోనే రావాల్సింది.

పెరటికోడి:
పోయిన పిల్ల ఏం చేసిందో మీరూ చూడలేదు కదమ్మా. హేచరీవాళ్లు తల్లి లేకుండా పెంచి, ఆ సంగతి చెప్పకుండా నాటు పిల్లలంటూ అమ్మడం తప్పే. ఆ మాట నేను వదలను. కోత సంగతి ఆదివారం దాకా ఆపుతాను. గంపలు ఎంత దూరానికి ఒకటి పెట్టాలో ఎవరైనా చెప్పండి.