చాంపియన్ హర్డిల్: పోటీ గుర్రాల్ని బేరీజు వేసేదెలా?

మలక్‌పేట్_1200:

అడ్డంకులు లేని ఫ్లాట్ రేసుల ఫామ్ చదవడం వచ్చు. మలక్‌పేటలో 1200, 1400 మీటర్లకి డ్రా (స్టార్టింగ్ గేటు) ఏ నంబరు, బరువెంత, పొద్దుటి ట్రాక్‌వర్క్ ఎలా ఉంది, ఇవి చూసుకుంటే ఏదో ఒక లెక్క తేలుతుంది. ఇంగ్లండ్‌లో హర్డిల్స్ దూకే పెద్ద రేసు, చెల్టెన్‌హామ్ చాంపియన్ హర్డిల్ దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క అక్కరకు రావట్లేదు.

ఉదాహరణ చెప్తా. 2024 డిసెంబర్ 29న ఐర్లండ్ లెపర్డ్స్‌టౌన్‌లో బ్రైటర్‌డేస్‌అహెడ్ 30 లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచింది. అంతకుముందు చాంపియన్ హర్డిల్ కొట్టిన స్టేట్ మ్యాన్ అందులో మూడోది. 2025 మార్చిలో చెల్టెన్‌హామ్‌కి వస్తే అదే బ్రైటర్‌డేస్‌అహెడ్ నాలుగోది. గెలిచిందేమో 25/1 ధర (రూపాయికి పాతిక) ఉన్న గోల్డెన్ ఏస్.

పెద్ద రేసుకి ముందు జరిగే ట్రయల్ రేసుల్లో దేన్ని నమ్మాలి? లెంగ్త్‌ల తేడాకి ఎంత విలువివ్వాలి? ఆడగుర్రాలకి ఇచ్చే బరువు రాయితీ ఎంత పనిచేస్తుంది? టిప్స్ వద్దు అన్నలూ, చదివే పద్ధతి కావాలి.

ఓల్డ్‌కోర్స్:

ముందు రేసు కొలతలు చూద్దాం, చాలా ప్రశ్నలకి జవాబు అక్కడే ఉంది. దూరం 2 మైళ్ల 87 గజాలు, అంటే మన లెక్కలో 3300 మీటర్లకి రెండు తక్కువ. ఎనిమిది హర్డిల్స్. ఎడమచేతి మలుపు. గేట్లుండవు, టేప్ స్టార్టే, కాబట్టి డ్రా అన్న మాటే మర్చిపోండి. ఇది హ్యాండిక్యాప్ (గుర్రం స్థాయిని బట్టి బరువు వేసే రేసు) కూడా కాదు. అయిదేళ్లు, ఆపైన వయసున్నవన్నీ 11 స్టోన్ 10 పౌండ్లు మోస్తాయి, అంటే 74 కిలోల పైచిలుకు. నాలుగేళ్లవి 11 స్టోన్. ఆడగుర్రాలకి 7 పౌండ్లు తక్కువ.

మార్చిలో జరిగే చెల్టెన్‌హామ్ ఫెస్టివల్ మొదటిరోజు, మంగళవారం, ఓల్డ్ కోర్స్ మీద పెడతారు. గురు, శుక్రవారాల్లో వాడే న్యూ కోర్స్ కంటే ఇది బిగుతు. మలుపులు త్వరత్వరగా వస్తాయి, వేగం ఉన్నదానికి అనుకూలం. కానీ చివర్లో పోస్ట్ (ముగింపు గీత) దాకా ఎత్తెక్కాలి. వాలు దిగేటప్పుడు కాళ్లు కుదురుగా పడాలి, ఎక్కేటప్పుడు ఊపిరి మిగిలుండాలి. ఒక్క వేగమే ఉన్న గుర్రం చివరి హర్డిల్ దగ్గర గెలిచేలా కనిపించి, పోస్ట్ దగ్గర మూడోదవుతుంది.

అందుకని ట్రయల్ రేసుల్ని ఒక్కోటీ ఇలా చూడాలి. కెంప్టన్‌లో డిసెంబర్ 26న జరిగే క్రిస్మస్ హర్డిల్ కుడిచేతి మలుపు, చదునైన ట్రాక్. అక్కడ చూడాల్సింది హర్డిల్ దాటే వేగం, అంతే. ఎత్తెక్కే దమ్ము అక్కడ తెలియదు. న్యూకాసిల్ ఫైటింగ్ ఫిఫ్త్ ఎడమచేతి మలుపు, చివర్లో ఎత్తు కూడా ఉంది, కానీ నవంబర్ ఆఖరు. చాలా గుర్రాలకి సీజన్లో అదే తొలి పరుగు, సగం ఫిట్‌నెస్‌తో వస్తాయి. పంచెస్‌టౌన్ మోర్గియానా, వింకాంటన్ కింగ్‌వెల్ రెండూ కుడిచేతివి. లెపర్డ్స్‌టౌన్‌లో ఫిబ్రవరి మొదట్లో జరిగే ఐరిష్ చాంపియన్ హర్డిల్ ఎడమచేతిది, రెండు మైళ్లు, ఐర్లండ్ నుంచి వచ్చే పెద్ద గుర్రాలు సిద్ధమై వచ్చే రేసు. నన్నడిగితే ఒకే ఒక్క ట్రయల్ చూడాలంటే అదే చూస్తా.

కుడి, ఎడమ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, కొన్ని గుర్రాలు ప్రతి హర్డిల్ దగ్గరా కుడికి ఒరిగి దూకుతాయి. కుడి ట్రాక్ మీద అది రైలింగ్ వైపే కాబట్టి ఎవరికీ కనపడదు. చెల్టెన్‌హామ్‌లో అదే అలవాటు ఒక్కో దూకుడికీ లెంగ్తో, అరలెంగ్తో మింగేస్తుంది. ఎనిమిది హర్డిల్స్‌కి ఎంతయిందో మీరే కూడుకోండి. రీప్లే చూసేటప్పుడు ఎదురుగా తీసిన కెమెరా కోణం దొరికితే వదలొద్దు.

రన్‌ఇన్_220:

30 లెంగ్త్‌ల సంగతికి వద్దాం. ఫ్లాట్‌లో అయిదు ఫర్లాంగుల రేసుకి లెంగ్త్‌కి సుమారు మూడు పౌండ్లు కడతారు. జంప్ రేసుల్లో వాడుకలో ఉన్న లెక్క లెంగ్త్‌కి పౌండే. ఆ లెక్కన 30 లెంగ్త్‌లంటే 30 పౌండ్లు. ఒక చాంపియన్ కంటే ఇంకో గుర్రం 30 పౌండ్లు మెరుగా? అలాంటి సంఖ్య కనపడగానే ముందు పేస్, అంటే రేసు ఎంత వేగంగా నడిచిందో చూడాలి.

ఆ రోజు బ్రైటర్‌డేస్‌అహెడ్ స్టేబుల్‌దే కింగ్ ఆఫ్ కింగ్స్‌ఫీల్డ్ ముందుండి గట్టిగా లాగింది. ఆ వేగాన్ని వెంటాడినవి అలిసిపోయాయి, స్టేట్ మ్యాన్ తన స్థాయికి చాలా కింద పరిగెత్తింది. దమ్మున్న ఆడగుర్రం బ్రైటర్‌డేస్‌అహెడ్, ఆ పేస్ ఆమెకి అచ్చొచ్చింది. ఓడినవి అలిసి వెనకబడ్డప్పుడు జాకీలు ఇక తోలరు, దాంతో తేడా సాగుతూ పోతుంది. పది లెంగ్త్‌లు దాటాక మిగతా లెంగ్త్‌లకి సగం విలువ కూడా ఇవ్వకూడదని నా అభిప్రాయం.

పేస్ తేల్చుకోడానికి పద్ధతి ఇదీ. అదే రోజు, అదే ట్రాక్ మీద, అదే దూరం ఇంకో హర్డిల్ రేసు ఉంటే దాన్ని పక్కన పెట్టుకోండి. ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని రెండు సమయాలు తీయండి: మొదటి హర్డిల్ నుంచి చివరి హర్డిల్ దాకా ఒకటి, చివరి హర్డిల్ నుంచి పోస్ట్ దాకా ఒకటి. పెద్ద రేసు మొత్తమ్మీద నాలుగు సెకన్లు నెమ్మదిగా ఉండి, ఆఖరి ముక్క మాత్రం సెకను వేగంగా ఉందంటే అది నడిచి నడిచి ఆఖర్న పరిగెత్తిన రేసు. అందులో గెలిచిన రెండు లెంగ్త్‌లకి నిజానికి ఎక్కువ విలువ. అటు తిరగేస్తే, ముందు వేగం, ఆఖర్న నీరసం: అక్కడి పెద్ద తేడాల్ని నమ్మొద్దు. సెకన్లని లెంగ్త్‌లకి మార్చాలంటే మంచి నేల మీద సెకనుకి అయిదు, బురద మీద నాలుగు వేసుకోండి. బరువులు వేరైతే అవీ సరిచూసుకోవాలి. లేకపోతే నోవిస్ (హర్డిల్స్‌కి కొత్త గుర్రాల) రేసు చాంపియన్ రేసుని మించినట్టు తేలి నవ్వులపాలవుతాం.

ఇంకోటి. గోల్డెన్ ఏస్ గెలుపు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2024 ఫెస్టివల్‌లో మేర్స్ (ఆడగుర్రాల) నోవిస్ హర్డిల్‌లో ఆమె ఓడించింది ఎవర్నో చూడండి: ఇదే బ్రైటర్‌డేస్‌అహెడ్‌ని. చెల్టెన్‌హామ్ కొండ మీద ఒకసారి తేలిన లెక్కని లెపర్డ్స్‌టౌన్ 30 లెంగ్త్‌ల మెరుపులో అందరూ పక్కన పెట్టేశారు.

గడ్డిమైదానం:

రన్‌ఇన్ గారు చెప్పింది నిజమే కానీ సగమే. 2025లో స్టేట్ మ్యాన్ చివరి హర్డిల్ దగ్గర స్పష్టంగా ముందుండి పడిపోయింది. కాన్‌స్టిట్యూషన్ హిల్ అయిదో హర్డిల్ దగ్గరే పడింది. ఆ రెండూ నిలబడి ఉంటే గోల్డెన్ ఏస్ కోర్స్ ఫామ్ గురించి ఇవాళ ఎవరూ మాట్లాడేవారు కాదు.

7 పౌండ్ల రాయితీ గురించి. రాయితీ ఉంది కాబట్టి ఆడగుర్రాన్ని ఎంచుకోవడం పొరపాటు. ముందు ఆమె మగగుర్రాలతో సమాన స్థాయిలో ఉందో లేదో చూడాలి. అక్కడ నాలుగైదు పౌండ్ల లోపు తేడా ఉంటేనే రాయితీ పనికొస్తుంది. 2016లో యానీ పవర్, 2020లో ఎపటాంట్, 2021, 2022లో హనీసకిల్, 2025లో గోల్డెన్ ఏస్. పదేళ్లలో అయిదు గెలుపులు, చిన్న విషయం కాదు. అయితే యానీ పవర్, హనీసకిల్ రాయితీ లేకపోయినా గెలిచే గుర్రాలే.

అసలు చిక్కు వేరే ఉంది: ఆమె వస్తుందా అని. అదే ఫెస్టివల్‌లో రెండున్నర మైళ్ల మేర్స్ హర్డిల్ కూడా ఉంటుంది, ఓనర్లు చివరి వారం దాకా తేల్చరు. లాసీమౌత్ 2024లో, 2025లో అటే వెళ్లి గెలిచింది. దీనికి తిరగబడ్డ కథ యానీ పవర్‌ది. అదే స్టేబుల్ చాంపియన్ ఫాహీన్ గాయపడ్డాక 20,000 పౌండ్లు సప్లిమెంటరీ ఫీజు కట్టి ఆమెని దించారు, ఆమె గెలిచింది. ఎంట్రీల జాబితా మార్చి దాకా కదులుతూనే ఉంటుంది. జనవరిలోనే పట్టిక గీసి కూర్చుంటే శ్రమ వృథా.

మలక్‌పేట్_1200:

చాలా థ్యాంక్స్. ఇంకో రెండు. పడిపోయే ప్రమాదాన్ని లెక్కలోకి ఎలా తేవాలి? ఫెవరెట్ పడితే అది దురదృష్టమా, లోపమా? రెండోది, నేల. మన దగ్గర పెనెట్రోమీటర్ రీడింగ్ ఇస్తారు, అక్కడ గోయింగ్‌స్టిక్ అంటున్నారు. రెండూ పోల్చొచ్చా?

ఓల్డ్‌కోర్స్:

నేల ముందు. రెండూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి, జాగ్రత్త. పెనెట్రోమీటర్ ఎంత లోతు దిగిందో కొలుస్తుంది, అంకె పెరిగితే నేల మెత్తన. గోయింగ్‌స్టిక్ గుచ్చడానికి పట్టే బలాన్నీ, పక్కకి వంచడానికి పట్టే బలాన్నీ కలిపి కొలుస్తుంది, అంకె పెరిగితే గట్టి. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే ప్రయత్నం చెయ్యొద్దు, మాటల వర్ణనే తీసుకోండి. గుడ్, గుడ్ టు సాఫ్ట్, సాఫ్ట్, హెవీ. ఐర్లండ్‌లో అదనంగా యీల్డింగ్ అంటారు. డిసెంబర్లో హెవీ మీద గెలిచిన గుర్రం మార్చిలో గుడ్ టు సాఫ్ట్ మీద అంత వేగంగా కదలకపోవచ్చు. మొదటిరోజు గడ్డి ఇంకా చెదరకుండా ఉంటుంది కూడా.

పడటం గురించి. హర్డిల్ అంటే మూడున్నర అడుగుల చట్రం, తగిలితే వంగుతుంది. చేజ్ రేసుల్లో ఉండే పెద్ద ఫెన్స్ వంగదు. అందుకే మంచి హర్డ్లర్ ఎత్తుగా దూకదు, తాకీ తాకనట్టు దాటి ఆగకుండా పరిగెత్తుతుంది. సమయం కలిసొచ్చేది అక్కడే, ముప్పూ అక్కడే. దూరం నుంచి, తక్కువ ఎత్తులో, పూర్తి వేగంతో లేచే గుర్రానికి తప్పు సరిదిద్దుకునే చోటు ఉండదు. కాన్‌స్టిట్యూషన్ హిల్ 2022లో సుప్రీమ్ అనే రెండు మైళ్ల నోవిస్ రేసుని 22 లెంగ్త్‌లతో, 2023 చాంపియన్ హర్డిల్‌ని 9 లెంగ్త్‌లతో గెలిచింది ఆ దూకే తీరుతోనే. 2025లో చెల్టెన్‌హామ్, ఎయింట్రీ, మళ్లీ నవంబర్లో న్యూకాసిల్, మూడు చోట్లా పడింది. మొదటిసారి పడితే దురదృష్టం అనొచ్చు. మూడోసారికి అది ఫామ్‌లో భాగమే.

రీప్లేలో మూడు చూడండి. హర్డిల్‌కి ముందు అడుగులు కుదించుకుంటోందా, లేక జాకీ చెప్పకుండానే దూరం నుంచి లేస్తోందా. దిగాక తల కిందికి వాలుతోందా. పక్కన ఇంకో గుర్రం ఉన్నప్పుడు కూడా అదే తీరులో దూకుతోందా. ఒంటరిగా ముందుండి చక్కగా దూకే గుర్రాలు గుంపులో తడబడటం మామూలే.

తన తప్పు లేకుండా పడేవీ ఉంటాయి. 2019లో బువెర్ డెయిర్ మూడో హర్డిల్ దగ్గర పడి షార్జాని కూడా పడేసింది. ఎస్పాయిర్ డాలెన్ 16/1కి 15 లెంగ్త్‌లతో గెలిచింది. రేస్‌కార్డ్ ఫామ్ వరసలో ఎఫ్ అంటే పడింది, బీ అంటే ఇంకోటి పడేసింది, యూ అంటే జాకీ జారిపోయాడు, పీ అంటే జాకీయే ఆపేశాడు. బీని, ఎఫ్‌ని ఒకే గాటన కట్టకండి. అడ్డగీత కిందటి సీజన్‌ని వేరు చేస్తుంది, ఏటవాలు గీత వస్తే మధ్యలో ఒక సీజనే పోయిందని. బ్రిటన్‌లో 2018 జనవరి నుంచి శ్వాసనాళం ఆపరేషన్ జరిగితే కూడా కార్డు మీద చూపిస్తున్నారు. కొండెక్కే ముగింపులో అది పెద్ద విషయమే.

రన్‌ఇన్_220:

గడ్డిమైదానం గారన్నది ఒప్పుకుంటున్నా, ఆ రెండూ పడకపోతే కథ వేరు. కానీ ఏడు గుర్రాలే పరిగెత్తిన రేసులో ఎవరు నిలబడతారన్నది కూడా లెక్కే కదా.

ఎవరూ అనని ముక్క ఒకటుంది, నోవిస్ దారి. రెండు మైళ్ల రేసుకి రెండు మైళ్ల సుప్రీమ్ నుంచే వస్తారనుకుంటాం. ఇస్తాబ్రాక్ 1997లో, హార్డీ యూస్టెస్ 2003లో, ఫాహీన్ 2014లో గెలిచింది రెండు మైళ్ల అయిదు ఫర్లాంగుల నోవిస్ రేసు. ముగ్గురూ మరుసటి ఏడాది చాంపియన్ హర్డిల్ కొట్టారు. వేగం తగ్గకుండా అంత దూరం లాగగలిగితే ఎత్తెక్కేటప్పుడు అది ఆస్తి. సుప్రీమ్‌లో ఓడినదాన్నీ కొట్టిపారెయ్యకండి, 2016లో ఆల్టియర్ వెనక మూడోదైన బువెర్ డెయిర్ 2017, 2018 చాంపియన్.

వయసు దగ్గర అయిదేళ్లవాటితో జాగ్రత్త. వాటికి రాయితీ ఏమీ ఉండదు, ఆరేడేళ్ల వాటితో సమాన బరువు మొయ్యాలి. 1985లో సీ యూ దెన్ తర్వాత 2008లో కాచిట్ దాకా అయిదేళ్లది గెలవలేదు. ముసలివని తీసిపారెయ్యడానికీ లేదు, సీ పీజన్ 1981లో పదకొండేళ్లకి గెలిచింది.

గడ్డిమైదానం:

చివరగా ఒక చిన్న చెకింగ్. బ్రిటన్‌లో నవంబర్, డిసెంబర్ మధ్యాహ్నాలు సూర్యుడు బాగా కిందికి ఉంటాడు, కళ్లలో పడితే ఆ వైపు హర్డిల్స్‌ని పక్కన పెట్టి గుర్రాల్ని పక్కనుంచి పోనిస్తారు. ఎనిమిది ఉండాల్సిన చోట నాలుగో అయిదో దూకి గెలిచిన గుర్రం దూకే తీరు గురించి ఆ రేసు ఏమీ చెప్పదు, అది దాదాపు ఫ్లాట్ రేసే. టైమ్‌లు కూడా పోల్చడానికి పనికిరావు. రిజల్ట్ పేజీలో ఎన్ని హర్డిల్స్ వదిలేశారో చిన్న అక్షరాల్లో రాసుంటుంది. స్టాప్‌వాచ్ తీసే ముందే ఆ లైన్ చూసుకోండి.