డీ13ఏ అని ఉంటే చాలా? బ్లాక్ మీది కోడ్‌తో ఇంజిన్ రకం తేల్చవచ్చా

బెజవాడ ఎర్టిగా:
నాది 2013 ఎర్టిగా డీజిల్. పోయిన నెల ఊరెళ్తుంటే మట్టిరోడ్డు మీద రాయి తగిలి ఆయిల్ పాన్ పగిలింది. ఆయిల్ దీపం వెలిగినా ఊరు దగ్గరే కదా అని రెండు కిలోమీటర్లు నడిపాను. ఇంజిన్ పట్టేసింది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) పనికిరాదని మెకానిక్ తేల్చాడు. ఆటోనగర్‌లో యాక్సిడెంట్ అయిన స్విఫ్ట్ నుంచి దించిన ఇంజిన్ ఒకటి ఉంది. దాని బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజిన్ దిమ్మ) మీద డీ13ఏ అని కొట్టి ఉంది, నా ఆర్సీలో ఇంజిన్ నంబరు కూడా డీ13ఏతోనే మొదలవుతుంది. "కోడ్ ఒకటే, ఎక్కించెయ్" అంటున్నాడు అమ్మేవాడు. మా బావేమో స్విఫ్ట్‌ది వేరు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

స్పానర్ 14:
అమ్మేవాడు చెప్పింది నిజమే తమ్ముడూ. 22 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. రెండూ ఫియట్ 1.3 మల్టీజెట్టే, 1248 సీసీ, బోర్ (సిలిండర్ వెడల్పు) 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 82. కంపెనీ కొట్టిన కోడ్ కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? మౌంటింగులు చూసుకుని ఎక్కించుకో.

పాత జిప్సీ:
స్పానర్ అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నా, ఈ మాట ఒప్పుకోలేను. స్విఫ్ట్‌లో ఆ ఇంజిన్ 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లు. ఎర్టిగాలో 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు. స్విఫ్ట్ టర్బోలో (ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే భాగం) కోణం మార్చుకునే రెక్కలు ఉండవు. ఎర్టిగా టర్బోలో అలా కదిలే రెక్కలు ఉంటాయి, వీజీటీ అంటాం కదా, అది. దాన్ని నడిపే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ప్రోగ్రామ్ కూడా వేరు. రెండింటి మీదా డీ13ఏ అనే ఉంటుంది. అంటే ఈ ఇంజిన్ విషయంలో కోడ్ చూస్తే రకం తెలియదు, కుటుంబం తెలుస్తుంది, అంతే.

కోడ్‌ను ఎలా చదవాలో తెలిస్తే ఈ గొడవే రాదు. సుజుకీ పద్ధతిలో మొదటి అక్షరం ఇంజిన్ కుటుంబం, తర్వాతి అంకె సుమారు కెపాసిటీ, చివరి అక్షరం ఆ కుటుంబంలో రకం. కే10బీ అంటే కే కుటుంబం, 1.0 లీటరు. కే12ఎం అంటే 1.2 లీటరు. చివరి అక్షరం కొన్నిచోట్ల ఎంతో చెబుతుంది. మారుతి 800లో ఎఫ్8బీ, ఆల్టోలో ఎఫ్8డీ, రెండూ 796 సీసీయే. బోర్ 68.5, స్ట్రోక్ 72, అదీ ఒకటే. టేపు పెట్టి కొలిచినా తేడా దొరకదు. కానీ ఎఫ్8బీకి ఆరు వాల్వులు, ఎఫ్8డీకి పన్నెండు. అక్కడ ఆ ఒక్క అక్షరమే మనల్ని కాపాడుతుంది.

నా జిప్సీ సంగతీ అంతే. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌లో జీ13బీఏ, కార్బురేటర్, ఎనిమిది వాల్వులు, 60 హార్స్‌పవర్. 2000లో ఎంపీఎఫ్ఐతో (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు అందించే పద్ధతి) వచ్చినది జీ13బీబీ, పదహారు వాల్వులు, 80 హార్స్‌పవర్. రెండూ 1298 సీసీ. నేను కొనేటప్పుడు అమ్మేవాడు "1300 సీసీ ఇంజినే సార్" అన్నాడు, అబద్ధం కాదు. గుడ్డతో తుడిచి నంబరు చదివాకే ఏది కొంటున్నానో నాకు తెలిసింది. అందుకే కోడ్ అంటే నాకు అంత నమ్మకం. అదే కారణంతో, అది చెప్పని విషయాన్ని దాని నోట పలికించకూడదంటాను.

స్పానర్ 14:
టర్బో తేడా నాకు తెలుసు జిప్సీ తమ్ముడూ. నేను చెప్పేది వేరు. కోడ్ బ్లాక్‌కి సంబంధించినది. ఆ బ్లాక్, దాని మీది హెడ్ (వాల్వులు ఉండే పైభాగం) తీసుకుని, మిగతావన్నీ ఈ బండివే ఎక్కిస్తాం. టర్బో ఎర్టిగాదే, ఇంజెక్టర్లు ఎర్టిగావే, ఈసీయూ ఎలాగూ బండిలోనే ఉంటుంది. ఇలా రెండు బండ్లు చేశాను, తిరుగుతున్నాయి. పైన బిగించేవి లెక్కలోకి తీసుకుంటే, సైలెన్సర్ మారినా ఇంజిన్ రకం మారిందనాలా?

పాత జిప్సీ:
మొదటి పోస్టులో "ఎక్కించుకో" అన్నారు, ఇప్పుడు సగం ఇంజిన్ మారుస్తాం అంటున్నారు. ఈ రెండో మాటే ముందు చెప్పి ఉంటే నాకు అభ్యంతరం లేదు. మన తమ్ముడు ఆ స్విఫ్ట్ ఇంజిన్‌ని టర్బోతో సహా ఎక్కించి, ఎర్టిగా ఈసీయూ కలిపితే ఏమవుతుంది? లేని రెక్కల్ని కదపమని ఈసీయూ చెబుతూనే ఉంటుంది. చెక్ లైటు ఆరదు, బండి లాగదు. ఏడుగురిని ఎక్కించుకుని ఘాట్ ఎక్కాల్సిన బండి అది.

తమ్ముడూ, అన్న చెప్పినట్టే చేయిస్తే రెండు జాగ్రత్తలు. నీ ఇంజెక్టర్లు ఏ సిలిండర్‌లోవి ఆ సిలిండర్‌లోకే వెళ్లాలి. ఒక్కో ఇంజెక్టర్ మీద ఒక కోడ్ ఉంటుంది, ఈసీయూలో అది సిలిండర్ వారీగా రాసి ఉంటుంది. తారుమారైతే స్కానర్ పెట్టి మళ్లీ రాయించాలి. రెండోది, పాత టర్బోని పరీక్ష చేయించకుండా బిగించవద్దు. ఆయిల్ లేకుండా నడిచిన ఇంజిన్ కదా, క్రాంక్‌తో పాటు టర్బో బేరింగులూ దెబ్బతిని ఉండొచ్చు. ఈ ఖర్చు కూడా కలుపుకుని ధర మాట్లాడు.

కృష్ణా తీరం:
మీ వాదనలో ఒక సంగతి పక్కకు పోయింది. డీ13ఏ తర్వాత ఉండే అంకెలే ఆ ఒక్క ఇంజిన్‌ని మిగతా వాటి నుంచి వేరు చేస్తాయి. ఆర్సీలో ఉన్నది ఆ నంబరు. ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీవో దగ్గర రాయించుకోవాలి. లేకపోతే బండి అమ్మేటప్పుడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేటప్పుడు టెన్షన్ నీకే. ఆ స్విఫ్ట్ ఆర్సీ కాపీ, అమ్మకం బిల్లు లేకుండా అడ్వాన్స్ ఇవ్వకు. నంబరు ఉన్న చోట లోహం నున్నగా గీకినట్టుందా, అంకెల వరస వంకరగా ఉందా చూడు. అలా ఉంటే ధర సగం చెప్పినా వద్దు.

స్పానర్ 14:
కాగితాల మాట నిజం. నేనూ బిల్లు లేని ఇంజిన్ ముట్టను. జిప్సీ తమ్ముడు అన్నట్టు మొదటిసారే వివరంగా రాసి ఉండాల్సింది. కానీ బ్లాక్ మాత్రం ఒకటే అన్న మాటకు కట్టుబడి ఉన్నాను.

పాత జిప్సీ:
ఆ మాట కూడా బిగించే ముందు పిస్టన్లు, హెడ్ గాస్కెట్ పార్ట్ నంబర్లు ఎర్టిగా వాటితో పోల్చి చూశాకే ఒప్పుకుంటానన్నా.

బెజవాడ ఎర్టిగా:
అందరికీ థ్యాంక్స్. అమ్మేవాడికి ఫోన్ చేసి స్విఫ్ట్ ఆర్సీ కాపీ అడిగాను, రేపు చూపిస్తానన్నాడు. మెకానిక్‌ని వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్తున్నా. నంబరు ఫోటో, గాస్కెట్ పార్ట్ నంబరు ఇక్కడే పెడతాను. అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వను.